అరగంటలో ఇమడని రాజగోపాలన్ మామ

మా రాజగోపాలన్ మామ దేన్నీ కత్తిరించనిచ్చేవాడు కాదు. గుడ్డ, కాగితం, జుట్టు, మాట, ఏదైనా సరే ఉన్నది ఉన్నట్టు ఉండాల్సిందే. శివకాశి దినసరి క్యాలెండరులో రోజుకో కాగితం చించుతాం కదా, ఆయన చించడు. వెనక్కి మడిచి రబ్బరు బ్యాండు వేస్తాడు. డిసెంబరు వచ్చేసరికి ఆ బరువుకు మేకు ఊడి క్యాలెండరు కిందపడేది. సెలూనులో కూర్చుంటే మొదటి కత్తెర చప్పుడుకే "చాల్లేబ్బా" అని లేచి నిలబడేవాడు.

తొంభై ఎనిమిదిలో విరుదునగర్లో ఆయన స్నేహితుడు పాత్రల కొట్టు తెరుస్తూ రిబ్బను కత్తిరించమని పిలిచాడు, పాపం తెలియక. పళ్లెంలో కత్తెర ఇచ్చారు. మామ దాన్ని పక్కన పెట్టి రిబ్బను ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి చూస్తే గట్టిది. కొట్టాయన గడియారం చూసుకుంటూ చెమటలు కక్కుతున్నాడు. మామ తీరిగ్గా ముడి విప్పి, రిబ్బను చుట్ట చుట్టి, ఇంకోదానికి అక్కరకొస్తుందని చెప్పి కొట్టాయన జేబులోనే పెట్టాడు. ఈలోగా రాహుకాలం వచ్చేసింది. గంటన్నర సేపు అందరం ఎండలో, వీధిలో నిలబడ్డాం.

ఫోనయినా అంతే, తానుగా పెట్టేయడు. ఒకసారి ఎవరో తాయిల్పట్టి టపాసుల ఫ్యాక్టరీకి చేయబోయి ఈయనకు చేశారు. ముప్పావు గంట మాట్లాడి, వాళ్లమ్మాయి పెళ్లికి పిలుపు అందుకుని, వెళ్లి భోంచేసి కూడా వచ్చాడు.

అలాంటి మనిషి, ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీలో రిటైరయ్యాక, 2008లో కోవిల్‌పట్టిలో నా బ్రౌజింగ్ సెంటరుకొచ్చి పాడ్‌కాస్ట్ పెడదాంరా అన్నాడు. రేడియో కార్యక్రమం లాంటిదే, కాకపోతే ఇంటర్నెట్లో పెడితే ఎవరైనా ఎప్పుడైనా వినొచ్చు. పేపర్లో చదివాడట. ఈ తమిళ ఊళ్లలో మనం ఇళ్లలో మాట్లాడే తెలుగు ఏ పుస్తకంలోనూ లేదు, గొంతుతో సహా ఎక్కిద్దాం అని ఆయన పట్టు. ఆంధ్రావాళ్లు వింటే నవ్వుతారు మామా అన్నాను. నవ్వాలన్నా ముందు వినాలి కదరా అన్నాడు.

మొదటి భాగానికి పాల్‌పాండిని తీసుకొచ్చాడు. ఒకప్పుడు విరుదునగర్‌కు పత్తి బండి తోలినవాడు. మా వైపు ఎద్దులకు తెలుగులో చెబితేనే తెలుస్తుంది. తమిళం వాళ్ల దగ్గర కొన్న ఎద్దుకు నెలరోజులు తెలుగు నేర్పాలి. ఆ విద్యలో పాల్‌పాండిని మించినవాడు లేడు. కాకపోతే ఆయనకు నత్తి. మాట దగ్గర ఆగిపోతాడు, ఎదుటివాడు ఓపిక పట్టలేక ఆ మాట తానే అందించేస్తాడు. భార్య వల్లియమ్మాళ్‌కు నలభై ఏళ్లుగా ఇదే పని, మొగుడు అవస్థపడటం చూడలేక. తప్పు మాట అందించినా ఆయన తలూపి ఊరుకునేవాడు.

రికార్డింగుకు మామ వల్లియమ్మాళ్‌ను రానివ్వలేదు. నన్ను కూడా బయటే కూర్చోబెట్టాడు.

ఇక ఎక్కించే పని. ముఖచిత్రం చదరంగా ఉండాలంది సైటు. మామ తెచ్చింది ఫ్యాక్టరీలో తీయించుకున్న గ్రూపు ఫొటో. చదరం చేస్తే చివరి నలుగురూ పోతారన్నాను. ఎవరూ పోవడానికి వీల్లేదన్నాడు. పైనా కిందా నల్లరంగు నింపి అందరినీ ఇరికించాను. మనుషులు చీమల్లా కనబడుతున్నారు, కానీ లెక్కకు అందరూ ఉన్నారు. కార్యక్రమం ఏ రకమో ఎంచుకోమంటే ఎద్దుల తెలుగుకు ఏ గడీ దొరక్క, విద్య అని పెట్టాను.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. సైటు ఊరికే ఇచ్చే చోటు నెలకు అరగంటే. పెంచుకోవాలంటే క్రెడిట్ కార్డు కావాలి, మా వీధిలో రేషన్ కార్డుకు మించింది ఎవరి దగ్గరా లేదు. పాల్‌పాండి మాట్లాడింది ఇరవైతొమ్మిది నిమిషాలు. ముందు మామ మాట్లాడిన ముందుమాట పన్నెండు. మన తెలుగువాళ్లున్న ముప్పైఏడు ఊళ్ల పేర్లూ అందులో ఉన్నాయి. ఆయన పదేళ్లుగా ఊరూరా తిరిగి పోగుచేసినవి.

నేను మామకు చెప్పకుండా పాల్‌పాండి ఆగిన చోటల్లా కోసేశాను. ఎద్దులతో సంబంధం లేని ఇంటి సంగతులూ తీసేశాను. ఇరవైతొమ్మిది కాస్తా పదిహేడైంది. మాట వెన్నలా జారుతోంది. నన్ను నేనే మెచ్చుకుని మామకు వినిపించాను.

మామ రెండు నిమిషాలు విని హెడ్‌ఫోన్లు తీసేశాడు. "ఇది ఎవురి గొంతురా?" అన్నాడు.

"పాల్‌పాండిదే మామా."

"కాదు. వాడు ఇట్ల మాట్లాడడు."

అరగంట దాటితే సైటు తీసుకోదని మొత్తుకున్నాను. సగం ఈ నెల, సగం వచ్చే నెల పెడదామన్నాను. మామ తల అడ్డంగా ఊపాడు.

"వాణ్ని పుట్టిన కాడినుంచీ ఎవురూ కడదాకా చెప్పనిచ్చింది లేదు ముత్తూ. ఇదొకటన్నా కడదాకా పోనీ. నాది తీసెయ్" అన్నాడు.

ముప్పైఏడు ఊళ్లూనా మామా అని అడిగాను. అవునని తలూపి, నేను తీసేస్తుంటే చూడలేక వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. వాటిని తీసేసి, పాల్‌పాండివి కోసినవన్నీ మళ్లీ కలిపాను. తర్వాత లోపలికొచ్చి కొత్త ముందుమాట చెప్పాడు: "నమస్కారం. ఇప్పుడు పాల్‌పాండి మాట్లాడతాడు. నిమ్మళంగా వినండి." అంతే. రెండుసార్లు మధ్యలో కరెంటు పోయి మొదటికొచ్చింది. మూడోసారికి ఎక్కింది.

ఆ ఆదివారం పాల్‌పాండి, వల్లియమ్మాళ్ వినడానికి వచ్చారు. స్పీకర్లు పెట్టాను. కంప్యూటరులో గొంతు ఆగినప్పుడల్లా వల్లియమ్మాళ్ అలవాటుగా మాట అందిస్తోంది. కంప్యూటరు ఆమెను పట్టించుకోకుండా తన మాట తానే చెప్పుకుంటోంది. ఇంతలో వాళ్ల పెళ్లి సంగతి వచ్చింది. పాల్‌పాండి ఎద్దులు కొనడానికి పోయి, అవి బాగున్నాయని ఆ ఇంటి పిల్లను కూడా చేసుకున్నాడని ఊరంతా ఎగతాళి చేసే కథే.

"ఆ పొద్దు నేను వాళ్లింటికి పోయింది..." అని గొంతు ఆగింది.

"ఎద్దుల కోసరం" అంది వల్లియమ్మాళ్.

కాసేపు ఫ్యాను చప్పుడే వినబడింది. తర్వాత గొంతు తాపీగా వచ్చింది. "వల్లిని చూసేదానికి. ముందే తిరునాళ్లలో చూసుంటి. ఎద్దులు వట్టి సాకు."

నేను కోసి పారేసిన ముక్కల్లో అదొకటి. సిగ్గుతో మామ వైపు చూడలేకపోయాను.

వల్లియమ్మాళ్ మొగుడి వైపు తిరిగింది. ఇన్నేళ్లుగా ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగింది. పాల్‌పాండి నోరు తెరిచాడు. మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఆమె పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అందించకుండా కూర్చుంది.

"చెప్పబోతే... నువ్వే ఎద్దులంటా ఉంటివి" అన్నాడు.

మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. వల్లియమ్మాళ్ ముఖం ఎర్రబడింది. కళ్లు తుడుచుకుని, కుర్చీ స్పీకర్ల దగ్గరికి జరుపుకుని, ముత్తూ, మొదటినుంచీ ఇంకోసారి పెట్టు నాయనా అంది.