తమలపాకులో కనిపించిన అక్క

నా చిన్నప్పుడు మా నాయన జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళాలో కారు నడిపేవాడు. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న కాలం అది. బంగళా సారుకు అక్కడే కంప్యూటర్ల కంపెనీ ఉండేది. మా అమ్మ బట్టల దుకాణంలో పనికి పోయేది కనుక, సెలవుల్లో నాయన నన్ను వెంట తీసుకుపోయేవాడు. బంగళాలో వంట చేసే అక్క ఫిల్మ్ నగర్ కింది బస్తీలో మా పక్కింట్లోనే ఉండేది. వాళ్ళు కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆదివారం చర్చికి వెళ్ళి ప్రార్థన చేసుకున్నాకే ఆమె పనిలోకి వచ్చేది.

ఆ అక్క మీద నాకొక కోపం ఉండేది. ఒకసారి బంగళా వరండాలోని ఉయ్యాలలో కూర్చున్నాను. చుట్టాలు వచ్చి ఉన్నారు. అందరి ముందూ అక్క నా రెక్క పట్టుకుని కిందికి లాగి, "దిగవే, అది మనం కూర్చునేది కాదు" అంది. మేడమ్ చూస్తే ఇంకా పెద్ద మాట అంటుందని అలా చేసిందని తర్వాత మా అమ్మ చెప్పింది. అదే మాట నా చెవిలో చెప్పొచ్చు కదా అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఒకరోజు మేడమ్ రవ్వల దుద్దుల్లో ఒకటి కనిపించలేదు. ఇల్లంతా వెతికారు. ఎవరో సలహా ఇస్తే అంజనం వేయించాలనుకున్నారు. తమలపాకుకు కాటుక లాంటి నల్లటి పూత రాసి, దీపం ముందు పెట్టి, చిన్నపిల్లల చేత చూపిస్తారు. అభం శుభం తెలియని పిల్లలకు అందులో దొంగ కనిపిస్తాడని నమ్మకం. అంజనం వేసే మనిషి ఎర్రగడ్డలో ఉంటాడు. అతన్ని తీసుకురావడానికి మా నాయననే పంపారు. పొద్దున సారును కంప్యూటర్ల కంపెనీలో దింపిన కారులోనే నాయన ఆ మనిషిని ఎక్కించుకొచ్చాడు. తలుపు తీసి పట్టుకుని మర్యాదగా దింపాడు కూడా.

ఇంట్లో పిల్లలం ఇద్దరం ఉన్నాం, నేనూ, బంగళా పాపా. ఆకు చూడడానికి పాపనే పిలిచారు. పనివాళ్ళ పిల్లకు ఏం కనబడుతుందిలే అనుకున్నారేమో. అదీ నేను మరచిపోలేదు. పాప ఆకులోకి చాలాసేపు చూసి, మెల్లగా "డ్రైవర్ అంకుల్" అంది.

మా నాయన నవ్వాడు. పాప ఆటకు అన్నదనుకున్నాడు. ఆ గదిలో ఇంకెవరూ నవ్వలేదు. మేడమ్ చెయ్యి చాపితే నాయన కారు తాళాలు ఆ చేతిలో పెట్టాడు. దుద్దు దొరికేదాకా బండి ముట్టుకోవద్దని, తోటకు నీళ్ళు పట్టమని, నెలాఖరుకు దొరక్కపోతే పోలీసులకు చెబుతామని అన్నారు. ఆ కొండల మీద ఒక డ్రైవర్‌ను దొంగ అన్నారంటే ఇక ఏ గేటూ అతనికి తెరుచుకోదు. ఒక్క వంటక్క మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆకుల్లో మనుషులు కనబడతారా అండీ? ఆయన అలాంటివాడు కాదండీ" అంది. నీ వంట నువ్వు చూసుకో అని మేడమ్ ఆమెను లోపలికి పంపేసింది.

ఆ వారంలోనే బంగళా హాలును సినిమా షూటింగుకు ఇచ్చారు. చనిపోయినవాళ్ళతో మాట్లాడతానని జనాన్ని మోసగించే ఒక స్వామి, అతని గుట్టు బయటపెట్టే ఒక డిటెక్టివ్, ఇదీ కథ. ఆ డిటెక్టివ్ స్టేజీ మీద ఇంద్రజాలం చేసేవాడు. ఆ కనికట్టు హీరోకు నేర్పడానికి ఒక ముసలాయన వచ్చేవాడు. ఒకప్పుడు స్కూళ్ళలో, ఎగ్జిబిషన్లలో ప్రదర్శనలు ఇచ్చేవాడట. యూనిట్ అంతా ఆయన్ని మ్యాజిక్ తాత అనేవాళ్ళు.

స్వామి వేషం వేసిన నటుడు అంజనం వేసే సీను తీస్తుంటే నాకు చూడబుద్ధి కాలేదు. వరండాలోకి వచ్చి గోడవైపు తిరిగి ఏడుస్తుంటే తాత వచ్చాడు.

"ఏమ్మా, స్వామిని చూసి జడుసుకున్నావా?"

"నేనెందుకు జడుస్త? గదంతా ఝూటా. గా ఆకుల ఏం కనబడది. పాప మా నాయన మీద అబద్ధం జెప్పింది."

తాత పక్కనే కూర్చుని సంగతంతా చెప్పించుకున్నాడు. తర్వాత నా ముఖంలోకి చూసి, "నువ్వైతే అబద్ధం చెప్పవన్నమాట" అన్నాడు.

"సచ్చినా చెప్ప."

"అయితే మీ మేడమ్‌గారికి అంజనం సంగతేంటో చూపిద్దాం. ఆకు నువ్వే చూడాలి. కనబడింది కనబడినట్టు చెప్పాలి. సరేనా?"

సరేనన్నాను. ఆ ఇంట్లో నా కంటికి విలువ రావడం అదే మొదటిసారి. ఏమీ కనబడలేదని గట్టిగా చెప్పి, మా నాయన పేరు నేనే నిలబెడతానని అప్పుడే నిర్ణయించుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల విరామంలో తాత అందరినీ వరండాలోకి రమ్మన్నాడు. మేడమ్, పాప వచ్చారు. మా నాయన నీళ్ళ పైపు కింద పడేసి, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. అక్క చేతిలో గరిటెతోనే వచ్చింది. తాత తన వేలు చూపించి, పొద్దున్నుంచీ ఉంగరం కనబడడం లేదని, ఇంట్లోనే ఎవరో తీశారని చెప్పాడు. మేకప్ వాళ్ళ దగ్గర తెచ్చిన నల్లరంగు తమలపాకుకు రాసి నా చేతికిచ్చాడు. ఒక దీపం వెలిగించి, అంజనం వేసేవాళ్ళు అడిగే వరసలోనే అడగడం మొదలుపెట్టాడు.

"బాగా చూడమ్మా. ముందు ఊడ్చేవాడు వస్తాడు. వచ్చాడా?"

నల్లటి మెరుపులో ఏదో కదిలింది. వెనక నిలబడ్డవాళ్ళ నీడే అయివుంటుంది. "వచ్చిండు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"నీళ్ళు చల్లేవాడు వచ్చాడా?"

"వచ్చిండు."

"కుర్చీ వేశారా?"

"ఏసిన్రు."

"ఉంగరం తీసిన మనిషి వచ్చి ఆ కుర్చీ పక్కన నిలబడతారు. ఆడమనిషా, మగమనిషా?"

ఎవరైనా వచ్చారా అని ఆయన అడగలేదు. ఆ తేడా నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ క్షణంలో మాత్రం ఆకులో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చెయ్యి ముందుకు చాపి ఉంది. ఉయ్యాల మీది నుంచి నన్ను లాగిన చెయ్యి అది. నాకు కలిగింది భయం కాదు, సంతోషం. ఇన్నాళ్ళకు దొరికింది అనుకున్నాను.

"ఆడామె" అన్నాను.

"తెలిసిన మనిషేనా?"

"వంటక్క."

తాత తన జుబ్బా జేబులో చెయ్యి పెట్టి ఉంగరం తీసి వేలికి పెట్టుకున్నాడు. "పొద్దున్నుంచీ ఇక్కడే ఉందమ్మా" అని నాతో కాకుండా మేడమ్‌తో అన్నాడు. "మీ పాప కూడా అబద్ధం చెప్పి ఉండదు. అడిగే తీరులో అడిగితే పిల్లలకు ఎవరైనా కనబడతారు. వాళ్ళకి ఎవరంటే పడదో వాళ్ళు ఇంకా తొందరగా కనబడతారు."

అక్క నావైపు ఒకసారి చూసి, గరిటె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నా చేతిలో ఆకు అలాగే ఉంది. నల్లరంగు వేళ్ళకు అంటింది. ఎక్కడ తుడుచుకోవాలో తెలియక చెయ్యి వీపు వెనక దాచుకున్నాను. బంగళా పాప నన్ను చూస్తోంది. అబద్ధాలకోరు అని నేను రోజూ మనసులో తిట్టుకున్న పాప. ఆ చూపులో ఎగతాళి ఉంటే బాగుండేది. లేదు.

మేడమ్ లోపలికి వెళ్ళి తాళాలు తెచ్చింది. "సాయంత్రం సారును తీసుకురావాలి, బండి తియ్" అంది నాయనతో. అంతే. తప్పయిందన్న మాట ఆ నోట రాలేదు. దుద్దు తర్వాత దొరికిందో లేదో కూడా మాకెవరూ చెప్పలేదు.

నేను తాత వెంట పడ్డాను. "ముందుగాల్నే నాకెందుకు జెప్పలే?"

"చెబితే నీకు కనబడేదా?" అన్నాడాయన. "మీ నాన్న తాళాలు మీ నాన్నకి వచ్చాయి కదమ్మా."

వచ్చాయి. మా నాయన దొంగ కాడని తేలింది. కానీ అది తేలింది నా మాట నిజమై కాదు, నా మాట అబద్ధమై. నన్ను అందరి ముందూ అలా నిలబెట్టినందుకు తాత మీద నాకు కోపమే. అందులో ఆయన తప్పు ఎంత అని ఆలోచించిన ప్రతిసారీ మాత్రం నా ముఖమే వేడెక్కుతుంది.

సాయంత్రం బస్తీలోకి దిగుతుంటే నాయన, "నీకు నిజంగ కనబడ్డదా బిడ్డా?" అన్నాడు.

"నిజంగనే కనబడ్డది నాయనా."

"అక్క ఒక్కతే మనకోసం మాట్లాడింది" అన్నాడు. కోప్పడి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆయన కోప్పడలేదు.

అమ్మ వచ్చేసరికి చీకటి పడేది కనుక నాకు జడ వేసేది అక్కే. ఆ రోజు నేను తలుపు వెనక నక్కి కూర్చున్నాను. అక్క దువ్వెనతో వచ్చి, "రా, పొయ్యి మీద అన్నం ఉంది, మాడిపోతుంది" అంది. వెళ్ళి ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాను. నా ముఖం కనబడదు కదా అని కొంచెం ధైర్యం వచ్చింది. అక్క చిక్కులు తీస్తూ తీస్తూ మామూలుగా అడిగింది.

"ఆకులో నేను ఏ చీర కట్టుకున్నానే?"

"పసుపు చీర" అన్నాను వెంటనే.

దువ్వెన ఆగింది.

"నాకు పసుపు చీర లేదే, పిచ్చిదానా."

ఆ మాటలో కోపం లేదు. తర్వాత జడ ఎప్పటిలాగే బిగించి అల్లి, రిబ్బను కట్టి, అన్నం దించుకోవడానికి వెళ్ళిపోయింది. నేను మాత్రం గోడవైపే చూస్తూ కూర్చుండిపోయాను. ఆ పసుపు చీర అంచు కూడా నాకు అప్పటికీ కళ్ళముందు కనబడుతూనే ఉంది.

కొన్నాళ్ళకు అక్కవాళ్ళు తమ ఊరికి వెళ్ళిపోయారు. క్షమించమని నేను అడగలేదు, ఎలా అడగాలో తెలియలేదు. మేడమ్ మీద, ఎర్రగడ్డ మనిషి మీద, నాకు ముందే చెప్పని తాత మీద నా ఫిర్యాదులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఆ తర్వాత బతుకులో ఆ జాబితాలోకి ఇంకా చాలామంది వచ్చి చేరారు, నేను దేన్నీ వదిలిపెట్టే మనిషిని కాను. కాకపోతే ఎవరి మీదైనా కోపం పొంగి, వాళ్ళ తప్పు కళ్ళకు కట్టినట్టు కనబడుతున్నప్పుడు, నన్ను నేను ఒకటి అడుగుతాను. ఏ చీర అని. తెలియదన్న జవాబు వస్తే, చూసిందే చెబుతున్నానులే అని నాకు కొంచెం నిమ్మళంగా ఉంటుంది. కానీ చాలాసార్లు రంగుతో సహా వెంటనే చెప్పేస్తాను. అప్పుడు నోరు మూసుకుంటాను.