పాదాల దాక ఫ్రాకు

మొన్న మా ఇంట్ల ఏమైందో చెప్త. నవ్వేది ఉంటే చాయ్ తాగినంక నవ్వుండ్రి, మధ్యల నవ్వితే నాకు ముచ్చట తప్పిపోతది. ఇప్పటికే నడుము పట్టుకపోయింది, మెడ తిరుగుతలేదు. మగ్గం నడిపి కాదు. మగ్గాలు బందే కదా. ఫ్రాకు కుట్టి.

అవును, నేనే కుట్టిన.

లాక్‌డౌన్ల మన గోడాదరా మగ్గాల బస్తీ సంగతి మీకెరుకే. కార్ఖానకు తాళం, దుకాన్లకు తాళం. సగం గల్లీ గుజరాత్ ఇడిచి ఊర్లకు పోయింది. మేము పోలే. నేను, నా భార్య లావణ్య, మా బిడ్డ నిత్య, ముగ్గురం ఒక్క రూములనే ఒకల మొకం ఒకలం చూసుకుంట కూసున్నం. గప్పుడే నిత్య పుట్టినరోజు వచ్చిపడ్డది.

"డాడీ, నాకు పాదాల దాక లాంగ్ ఫ్రాక్ కావాలె. గిర్రున తిరిగితే గొడుగు లెక్క లేవాలె. సాయంత్రం వీడియో కాల్ల నాయినమ్మకు చూపిస్త" అన్నది.

స్కూల్ లేదు, ఆట లేదు, పిల్ల గడప దాటి ఎన్ని రోజులాయెనో. అడిగింది గదొక్కటే. నా మనసు ఆగలే. "అయితదిరా బిడ్డా" అన్న. టైలర్ షాపు కూడ బందేనని మాట ఇచ్చినంక యాదికొచ్చింది.

ఇంట్ల మిషన్ ఉన్నది. లావణ్య చీరలకు లేసులు వేస్తది కదా, దానికి తీసుకున్నం. "నాకు లేస్ వేసుడే వస్తది, కటింగ్ రాదు. మాట ఇచ్చింది నువ్వు, కుట్టేది నువ్వే" అని ఆమె చేతులు దులుపుకున్నది.

ఇగ ఊర్ల ఉన్న మా అమ్మకు ఫోన్ కొట్టిన. ఆమె ఒకప్పుడు వాడకట్టోళ్లందరికి రైకలు కుట్టింది. కొత్త కోడలప్పుడు ఎవరో టీచరమ్మ నేర్పిందట, ఆ టీచరమ్మ చెప్పినవన్ని ఇప్పటికి అప్పజెప్తది.

"ముందుగాల ఇల్లు ఊడువాలె. బాసన్లు తోమాలె. పొయ్యి మీద ఏముండొద్దు. పని ఉంచుకొని కూసుంటే పాణమంత దాని మీదనే ఉంటది, కుట్టు వంకర పోతది. తానం చేసి, తల దువ్వుకొని, మంచి చీర కట్టుకొని మిషన్ కాడ కూసోవాలె. ఇంటాయన వచ్చే టైంకు మన అవతారం మంచిగుండాలె."

"అమ్మా, ఇంటాయనను నేనే కదనే."

"అయితే మంచి అంగి ఏసుకో. ఇంకొకటి, బట్టను రాత్రంత నీళ్లల్ల నానేసి, ఆరేసి, అప్పుడు కత్తెర పెట్టు. లేకపోతే ఉతికినంక కుంచుకపోతది."

నాకు జర కోపమొచ్చింది. "అది మీ కాలపు నూలు బట్టకే. ఇది పాలిస్టర్. ఇన్నేండ్ల సంది బట్ట నేసెటోనికి బట్ట గురించి చెప్తున్నవా?" అన్న.

తప్పు ఏడ జరిగిందంటే, ఫోన్ స్పీకర్ల పెట్టిన. నానేసుడు సంగతి లావణ్యకు ఇనబడలే గని బాసన్ల సంగతి మంచిగ ఇనబడ్డది. నేను మిషన్ కాడికి పోతుంటే చీపురు చేతికిచ్చింది. "అత్తమ్మ చెప్పింది ఇనలే? పాణం బాసన్ల మీద ఉంటే కుట్టు వంకర పోతదట." ఊడ్చిన. తోమిన. పెసరపప్పు కూడ నాతోనే ఉడకబెట్టిచ్చింది. మిషన్ ముందు కూసునేసరికి నాకు ఒక పాళీ డ్యూటీ చేసినట్టయింది.

అప్పుడు యూట్యూబ్ పెట్టిన. అండ్ల ఒక పోరి నైట్ ప్యాంట్ మీదనే, జుట్టు నెత్తి మీద ముడేసుకొని, మంచం మీద బట్ట పరిచి కోస్తున్నది. పక్కన తినుకుంట తాగుకుంట. "హాబీ హై, టెన్షన్ నహీ లేనే కా" అంటది, సరదా పనే, గాబరా వద్దట. కొలతలు వద్దు, పాత ఫ్రాకు పెట్టి చుట్టూ కొయ్యాల్నట. తప్పు పోతే డిజైన్ అనాల్నట. నాకు పాణం లేచొచ్చింది. బాసన్లు తోమని మనిషి కుట్టంగ నేను కుట్టలేనా అనుకున్న.

బట్ట ఇంట్లనే ఉన్నది, దీవాలీకి మా కార్ఖాన శేఠ్ ఇచ్చిన జార్జెట్ ముక్క. నేను నేసిందే, గ్రే. మల్లేశన్నా, నీది కిరాణ దుకాణం, నీకు తెల్వది గని, గ్రే అంటే మగ్గం మీదికెల్లి దించిన పచ్చి బట్ట. ఇంకా మిల్లుకు పోలే, ఉడకలే, రంగు పడలే.

రెండు రోజులు పట్టింది. సూది రెండుసార్లు విరిగింది, ఒక చెయ్యి ఉల్టా కుట్టి మళ్ల ఇప్పిన. అంచుకు లావణ్య గులాబి లేస్ వేసింది. పుట్టినరోజు పొద్దున నిత్య ఏసుకున్నది. నిజం చెప్తున్న, పాదాల దాక వచ్చింది. గిర్రున తిరిగితే గొడుగు లెక్కనే లేచింది. పిల్ల కండ్లల్ల సంబురం చూసి నా నడుము నొప్పి మర్చిపోయిన. కింద ఇంటి గుజరాతీ బేన్‌కు చూపిస్తనని మాస్క్ పెట్టుకొని మెట్ల దాక పోయి, దూరం నుంచే రెండు చుట్లు తిరిగి వచ్చింది.

అగో, గక్కడనే కొంప మునిగింది.

మా ఇంట్ల లావణ్య కానూన్ ఒకటున్నది. గడప దాటింది ఏదైనా సరే, మళ్ల లోపటికి రావాలంటే ఉడుకు నీళ్లల్ల మునగాలె. కూరగాయలైనా, మనిషైనా. "సాయంత్రానికి ఆరిపోతది, పాలిస్టరే కదా" అని ఫ్రాకు ఇప్పిచ్చి, పొగలు వచ్చే నీళ్ల బకెట్ల ఏసింది. నేను కూడ అవునన్న.

కొంచెం సేపైనంక తీస్తే, మన ఫ్రాకు కాదది. ఎవలో చిన్నపిల్లది. బట్టంత ముడతలు ముడతలుగ దగ్గరికి గుంజుకున్నది. లేసేమో కుంచుకపోలే, అంచు పొడుగునా వంకలు తిరిగి ఏలాడుతున్నది. నేనొక దిక్కు, లావణ్య ఒక దిక్కు పట్టి గుంజినం. ఇడువంగనే మళ్ల మొదటికే వచ్చింది. ఇస్త్రీ పెడితే సాగుతదేమోనని పెట్టిన. ఇంకింత ముడుచుకున్నది.

"నువ్వు నేసిన బట్టే కదా? నీకు తెల్వదా?" అన్నది లావణ్య.

తెలుసు. గదే నా బాధ. జార్జెట్ మిల్లుల ఉడికితే పన్న, అంటే బట్ట వెడల్పు, తగ్గుతదని, గందుకే మగ్గం మీద ఎక్కువ పన్నతోని నేస్తమని నాకు తెల్వదా? రోజు ఇనే ముచ్చటే. గని అది మిల్లు సంగతి అనుకున్న. ఉడుకు నీళ్లు మా బకెట్ల ఉన్నా ఉడుకు నీళ్లేనని బుర్రకెక్కలే.

నిత్య ఒక్కసారే ఏడ్చింది. మగ్గం మీద ఇంత బట్ట నేసి శేఠ్‌కు అప్పజెప్పిన, నా బిడ్డకు ఒక్క ఫ్రాకు నిలబెట్టలేకపోయిన. డిజైన్ అనాలంటే నోరు రాలే.

సాయంత్రం అమ్మ ఫోన్ రానే వచ్చింది. నేను ఎత్తొద్దనుకున్న. నిత్యనే ముక్కు తుడుసుకొని, ఆ ముడుచుకపోయినదాన్ని ఎట్లనో తలకెల్లి దూర్చుకొని, కింద జీన్స్ ప్యాంట్ ఏసుకొని, "చలేగా డాడీ, నడుస్తది" అని ఫోన్ ముందు నిలబడ్డది. "నాయినమ్మా, డాడీ కుట్టిండు" అన్నది.

మా అమ్మ అద్దాలు పెట్టుకొని, ఫోన్‌ను ముక్కు దాక తెచ్చుకొని, పైకెల్లి కింది దాక చూసింది.

"రైక మంచిగ కుదిరింది కొడుకా. మరి లంగా ఏది?"

లావణ్య కొంగు నోట్లె కుక్కుకొని వంటింట్లకు ఉరికింది. నిత్యకు కూడ నవ్వు ఆగలే. "లంగా ఇంకా కుట్టలేదే" అన్న.

"బట్ట నానేసినవా?"

"ఇగ ఏస్తనే అమ్మా."

గదీ సంగతి. పాదాల దాక లంగా కుడ్తనని పిల్లకు మళ్ల మాట ఇచ్చిన. అందుకే నన్ను ఇంకొక చాయ్ అని ఈ మిద్దె మీద ఆపకుండ్రి, కిందికి పోవాలె. నిన్న రాత్రి ఉడుకు నీళ్లల్ల నానేసిన బట్ట ఆరే ఉంటది. దాన్ని కోసే ముందు ఇల్లు ఊడువాలె, బాసన్లు తోమాలె, తానం చేసి తల దువ్వుకోవాలె, మంచి అంగి ఏసుకోవాలె. ఇంటాయన వచ్చే టైమైతున్నది.