పేర్లు పలకని వరదన్

వరదన్ ఎదురైతే ఒకటే ప్రశ్న: “ఇది పనా, పిలుపా?” టీ కాచడం పనట, ‘స్ట్రాంగుగా ఒకటి’ అనడం పిలుపట. పని చేసేవాడిదైనా, పిలుపు పిలిచేవాళ్లదట. తిరుత్తణిలో ఆయన్ని చూస్తే జనం సందు మార్చేవాళ్లు.

నేతగాళ్ల కోసం ఆయనో ప్రోగ్రాం రాశాడు. ‘అంచు’, ‘బుటా’, ‘కొంగు’ అని కొడితే, నేతలో ఆ డిజైను రావడానికి మగ్గం అట్టల్లో చిల్లులు ఎక్కడ పడాలో కంప్యూటరే చూపిస్తుంది. మెరుగు చేస్తామని తీసుకున్న ఒక కంపెనీ ఆయన పేరు చెరిపి తన పేరు వేసుకుంది. ఆయన పల్లెత్తు మాట అనలేదు.

పోయిన నెల అదే కంపెనీ నోటీసు పంపింది: నాలుగు వారాల గడువు, ఆ తర్వాతి సోమవారం నుంచి ప్రోగ్రాం బంద్, అందులోని ‘అంచు’, ‘కొంగు’ లాంటి ఇరవైమూడు పిలుపులూ ఎవరూ వాడకూడదు.

ఆ ప్రోగ్రాంతోనే చీరలు నేసే అలిమేలమ్మ వరదన్ దగ్గరికి పరిగెత్తింది. అరవై రెండేళ్ల వయసులో ఆ పిలుపులు ఇప్పుడిప్పుడే వేళ్లకు పట్టాయి. పెళ్లి చీరలు సగంలో ఉన్నాయి.

“ప్రోగ్రాం రాసే భాష అందరిదేనంట అక్కా, అందులో మనం పిలిచే పేర్లు మాత్రం వాళ్లవంట,” అన్నాడు వరదన్.

“అంచు అనేది మా అవ్వ నేర్పిన మాట! వాళ్లదెప్పుడయింది?”

“పేర్లు తీసేస్తే భాష నిలస్తాదో పడతాదో చూస్తా,” అని ఆయన ఆ రోజు నుంచి పేర్లు పలకడం మానేశాడు.

టీకొట్టులో “ఆకు మరిగిన తియ్యటి వేడినీళ్లు” అడిగితే, పాల్‌రాజ్ కంగారుపడి “జొరమా సార్?” అని మిరియాల కషాయం పెట్టాడు.

తిరువళ్లూరులో లాయర్ గుణను కలవడానికి బస్సెక్కాడు.

“యాడికి సార్?”

“కలెక్టరుండే ఊరికి.”

“పేరు చెప్పు సార్!”

“పేరు లేకుండా టిక్కెట్టు ఇయ్యలేవా?”

కండక్టర్ నడిదోవలో దించేశాడు. మిగతా దూరం నడక.

“మగ్గం ఆగిపోతా ఉంటే నీకు ఆటలా నాయనా!” అని అలిమేలమ్మ తిట్టిపోసింది.

గడువు తీరిన సోమవారం ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, అలవాటు చావక ‘అంచు’ అని కొట్టింది. అంచు వచ్చింది! ‘కొంగు’ కొట్టింది. కొంగూ వచ్చింది!

పేరు లేకుండా టీ, టిక్కెట్టు కూడా దొరకవని తేలాక, ఈ నాలుగు వారాల్లోనే వరదన్ ప్రోగ్రాం లోపలి రాతంతా పారేసి మొదటినుంచీ కొత్తగా రాశాడు. పిలుపుల్లో ఒక్క అక్షరం కదల్చలేదు. ఆడుతున్న మగ్గాన్ని ఒక్క పోగు తెగకుండా కిందనుంచి మొత్తం మార్చేసినట్టుంది ఆమెకు. తెరమీద ‘పిలుపులు వీళ్లవి’ అని నేతగాళ్ల పేర్ల వరస. మొదటి పేరు ఆమెదే.

“ఇందులో నీ పేరు యాడ నాయనా?”

“పేర్లు పలకడం మానేసినా గదక్కా!”

కంపెనీ కోర్టుకెక్కుతానంటోంది. ఈ మాటలు ఎప్పటినుంచో నేతగాళ్లవేనని సాక్ష్యం కావాలంటున్నారు లాయర్ గుణ. మీ ఇంట్లో మగ్గం ఉంటే, మీ పెద్దలు అంచునూ కొంగునూ ఏమని పిలిచేవాళ్లో, వాళ్ల పేర్లతో సహా, తెలుగులోనో తమిళంలోనో రాసి తిరుత్తణికి, అలిమేలమ్మ మగ్గానికి పంపండి. ఉత్తరం పైన వరదన్ పేరు మీరే రాయండి. ఆయన రాసుకోడు.