పెరుగు గారె తినని సర్వరు

అరవైల్లో, గుంటూరులో నేను బి.ఏ. చదివే రోజుల్లో మా కాలేజీ పక్క హోటల్లో ఒక సర్వరు ఉండేవాడు. ఎవరు పెరుగు గారె అడిగినా భుజమ్మీది తువ్వాలు సర్దుకుని, గోడకేసి చూస్తూ, "ఇడ్లీ వేడిగా ఉందండి" అనేవాడు.

ఊరుకునే అలవాటు నాకు అప్పుడూ లేదు. ఒకరోజు నిలదీశాను.

"గారె అడిగితే ఇడ్లీ అంటావేమయ్యా? నువ్వు తినవా ఏం?"

గల్లాపెట్టె దగ్గర యజమాని నవ్వాడు. "ఎందుకు తినడమ్మా? ఏరా, ఒకటి తిని చూపించు."

ప్లేటు వచ్చింది. తినకపోతే ఉద్యోగం ఊడుతుందని అక్కడున్న అందరికీ తెలుసు. అతను తువ్వాలు తీసి బల్లమీద పెట్టి యజమాని వైపు తిరిగాడు.

"నేను తిననండి. నిన్న మిగిలిన గారెలే ఇవాళ పెరుగులో వేస్తున్నాం. వంటాయనా తినడు. మీరూ తినరుగా."

యజమాని నోరు తెరిచేలోగా నేను లేచాను. "అయితే మీరు తినండి, చూస్తాం. ఇతన్ని తీసేస్తే మాత్రం రేపట్నుంచి కాలేజీలో ఒక్కరూ మీ గడప తొక్కరు."

హోటలంతా ఆయన వైపు తిరిగింది. ఆయన ప్లేటును చూశాడు గాని చెయ్యి పెట్టలేదు.

"ఆ తువ్వాలు వేసుకుని పని చూడరా" అన్నాడు చివరికి.

మర్నాడు నేను అడక్కముందే అతను పెరుగు గారె తెచ్చి నా ముందు పెట్టాడు. అతని మీసానికి ఇంకా పెరుగు అంటుకునే ఉంది.