మీసానికి చిత్రమూలం

మైదుకూరులో నాది పురుగుమందుల అంగడి. విషంతో జాగ్రత్తగా ఉండమని రోజంతా రైతులకు చెప్తుంటాను. అలాంటి నాకు పోయిన ఎండాకాలం మీసంలో పేనుకొరుకుడు పట్టింది. కుడివైపు వేలిగోరంత మేర వెంట్రుకలు రాలి నున్నగా తేలింది. మా వైపు బట్టతలను ఎవరూ పట్టించుకోరు. మీసంలో సందు పడితే మాత్రం అందరి కళ్లూ అక్కడే. కాటుకతో దిద్దుకున్నాను. చెమటకు అది గడ్డం దాకా కారింది.

అంతలో కోయిలకుంట్లలో బామ్మర్ది గృహప్రవేశం దగ్గరపడింది. అప్పుడు మిద్దె మీది చిత్రమూలం గుర్తొచ్చింది. అడవిలో చెట్ల నీడన ఏడాదంతా పచ్చగా ఉండే మొక్క అది. తెల్లటి పూలు బాగున్నాయని అహోబిలంలో కొనుక్కొచ్చి కుండీలో పెట్టాను. దాని వేరు విషమని మా అవ్వ చెప్పేది. కీళ్లనొప్పులకూ, చర్మం మీది మచ్చలకూ ఆ వేరునే నూరి పట్టు వేసేది. అందులో ఏం కలిపేదో, ఎంతసేపు ఉంచేదో నాకు గుర్తులేదు. అయినా సగం వైద్యం తెలుసు కదా అని ధైర్యం చేశాను.

వేరు నూరి, సందు మీద దట్టంగా పట్టించి, అన్నం తిని పడుకున్నాను. లేచేసరికి పై పెదవి భగభగ మండుతోంది. అద్దంలో చూస్తే నిమ్మపండంత బొబ్బ.

"ఏమయ్యా, మూతి అట్లుండాది? ఏం పూసుకున్యావ్?" అని మా ఆవిడ అరిచి, ఆసుపత్రికి లాక్కెళ్లింది.

"ఏం పని చేస్తావప్పా?" అన్నాడు డాక్టరు.

"పురుగుమందుల అంగడి సార్."

"మందు కొట్టేటోళ్లకు ఏం చెప్తావు?"

"చేతులకు తొడుగులేసుకోండి, మూతికి గుడ్డ కట్టుకోండి అని సార్."

ఆయన నా మూతి వంక చూసి, మీసం మొత్తం తీయించాడు.

గృహప్రవేశంలో ఒక మూల నిలబడ్డాను. మా అత్త చెంబుతో నీళ్లు తెచ్చి, "తీసుకో నాయనా, యా ఊరు మీది?" అంది. అల్లుడి ఎదుట పడని మనిషి ఆమె. పెళ్లయినప్పటి నుంచి నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు.

"మా, ఈయప్ప నీ అల్లుడే!" అని మా ఆవిడ నవ్వింది. అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. పెళ్లిచూపులకు వచ్చినట్టు అందరూ వచ్చి నా మూతి చూసిపోయారు.

తర్వాత మీసం వచ్చింది, సందులో మాత్రం తెల్లగా. ఏమీ పూయకపోయినా వచ్చేదేనట, డాక్టరు చెప్పాడు. మాటలు కలిశాక మళ్లీ దాక్కోవడం బాగుండదనుకుందేమో, అత్త ఇప్పుడు నాకు ఫోను చేస్తోంది. "శానా చిక్కినావంట, ఏం తింటాండావు?" అని అడుగుతుంది.