పిలవకనే వచ్చిన చెయ్యి

మా ఆయన పక్షవాతంతో మదనపల్లె ఆసుపత్రిలో ఉన్న రోజులవి. ఒక్కదాన్నే చూసుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం పక్క మంచం వాళ్లకు చెప్పి, ఇంటి నుంచి బట్టలు తెచ్చుకుందామని పుంగనూరు మీదుగా పోయే కుప్పం బస్సెక్కాను. కూర్చోగానే కళ్లు మూతపడ్డాయి.

డ్రైవరు గట్టిగా బ్రేకు వేయడంతో నా కాలివేలు ముందు సీటు ఇనుప కడ్డీకి కొట్టుకుంది. "ప్రభువా!" అంటూ వంగి వేలు పట్టుకున్నాను. పక్కనున్న పెద్దావిడ తన సీసాలోని నీళ్లు దాని మీద పోసింది. ఆమె కుప్పం పోతోందట.

"ప్రభువా అన్నావే, చర్చికి పోతావామ్మా? యాల ఇంత నీరసంగా ఉండావు?"

సంగతంతా చెప్పాను.

"మీ సంఘమోళ్లు వచ్చి సూస్తాండారా?"

"ఎవురికీ సెప్పలేదుమా. ఎవురి కష్టాలు వాళ్లకుండాయి."

ఆమె నా వేలు వైపు చూపించింది. "సూడు, కాలికి తగిలితే పిలవకనే సెయ్యి పోయింది. మనమంతా క్రీస్తులో ఒకే శరీరమని ఆదివారం ఆదివారం వింటాండావు గదా. నొప్పే తెలీకపోతే సెయ్యి యాడికి పోతాది తల్లీ?"

కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.  ఆమె నా వీపు మీద వేసిన చెయ్యి నేను దిగేదాకా తీయలేదు.

పుంగనూరులో ఇంటికి పోకుండా పాస్టరుగారి తలుపు తట్టాను. "మా ఆయన ఆసుపత్రిలో..." అన్నాను. మాట పూర్తి కాకముందే పాస్టరుగారి భార్య చెప్పులు వేసుకుంది.

ఆ సాయంత్రం వాళ్లిద్దరూ మా ఆయన దగ్గర కూర్చుంటే, నేను వార్డు బయట చాప పరుచుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.