పియానోకి చుట్టిన ధావళి

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం కాదు, పరీక్షలు లాప్‌టాప్‌లో పెట్టడం మొదలైన రోజులే. బరంపురంలో హార్మోనియంలు బాగుచేసే మావయ్య దగ్గర పనిచేస్తూ, కలకత్తా వెళ్లి కొన్నాళ్లు పియానో పని కూడా నేర్చుకొచ్చాను. దాంతో గంజాం జిల్లాలో నన్ను మించిన పియానో వైద్యుడు లేడని నా నమ్మకం. (జిల్లాలో అసలు పియానోలెన్ని ఉన్నాయో ఆలోచించలేదు.)

నవరాత్రుల్లో ఒక మధ్యాహ్నం పప్పుల హోల్‌సేల్ వ్యాపారి ఇంటినుంచి కబురొచ్చింది. ఆయన ఏదో పాత బంగళాలో కొన్న గ్రాండ్ పియానో మీదే కూతురు వాయించడం నేర్చుకుంది. ఆ సాయంత్రం అయిదింటికి మద్రాసు సంగీత కళాశాల వాళ్లు ఆన్‌లైన్‌లో ఆ పిల్ల వాయింపు విని సీటు సంగతి తేలుస్తారు. తీరా చూస్తే నిన్నటినుంచి, మీట మీద వేలు తీసినా లోపల సన్నని మోత ఆగడం లేదు. పిల్ల గోళ్లు కొరుక్కుంటోంది. అయిదింటికల్లా అవుతుందా అని తండ్రి అడిగితే, అదెంత పని అన్నాను. తీగెల్ని అణిచే దిమ్మలన్నీ విప్పి, చూసి, బిగించాను. మోత అలాగే ఉంది. నాలుగు దాటింది. నాకు తెలిసిన వైద్యమంతా అయిపోయింది, ఆ మాట చెప్పే ధైర్యం లేదు. పిల్ల మీటలు నొక్కుతూంటే నీరసంగా తీగెల వెనక కొసల మీద చెయ్యి ఆన్చాను. మోత చటుక్కున ఆగింది! చెయ్యి తీస్తే మళ్లీ మొదలు. ఆ కొసలు వాటంతటవే మోగకుండా సందుల్లో ఒక ఉన్నిపట్టీ అల్లి ఉండాలి. అది లేదు. ఇక్కడ గుడ్డేమైనా ఉండేదా అని అడిగితే, అందరూ గుమ్మంలో కూర్చున్న వ్యాపారి తల్లి, మామ్మగారి వైపు చూశారు.

"ఉండీది బావూ, మాసిపోయిన పీలిక. సరస్వతమ్మ ఒంటిమీద మాసిన గుడ్డేటి? పూజ కదా అని నిన్న తీసి పారీసినాను," అంది ఆవిడ.

చెత్తబండి పొద్దున్నే వెళ్లిపోయింది. నా పనిముట్లు చుట్టుకునే ఉన్ని మఫ్లర్ బయటికి తీస్తే, ఆ నూనె మరకలు చూసి మామ్మగారు చెయ్యి అడ్డం పెట్టింది. వ్యాపారి కొత్త పట్టుపంచె చింపబోయాడు. పట్టు జారిపోతుంది, ఉన్నే కావాలన్నాను. (ఆ ఉక్కలో ఉన్ని ఎవరమ్ముతారు?) "అన్నా, బేగి," అంది పిల్ల. మామ్మగారు లోపలికెళ్లి, భర్తతో కాశీ వెళ్లినప్పుడు కొనుక్కున్న ఉన్ని ధావళి తెచ్చింది. మడికి కట్టుకునేది.

"పూజకి తప్ప కట్టనేదు. కత్తెరియ్యి," అని అంచు తనే కత్తిరించింది.

తెరమీద పరీక్ష చేసేవాళ్లు ప్రత్యక్షమయ్యేసరికి నేనింకా ఆ పట్టీని స్క్రూడ్రైవర్‌తో తీగెల సందుల్లో దూరుస్తున్నాను. చివరి కొస తోసి, పారిపోయే దారి లేక పియానో కిందే దూరాను. పిల్ల ఏం వాయించిందో చెప్పలేను, నేను విన్నదల్లా వాయింపు ఆగిన చోట్లే. ఆఖర్న చేతులెత్తింది. ఏ మోతా లేదు. ఆ ముగింపులో నిశ్శబ్దం బాగా పట్టావమ్మా అని తెరమీది పెద్దాయన మెచ్చుకుంటే, కింద నాకు ఏడుపొచ్చేసింది.

పిల్లకి సీటొచ్చింది. అంచు లేని ధావళితోనే మామ్మగారు చివరిదాకా పూజలు చేసుకుంది. ఎవరైనా అడిగితే, మిగతాది అమ్మవారు కట్టుకుందనేదట. ఇప్పుడు పెద్ద పెద్ద హాళ్లలో పియానోలు సరిచేస్తున్నాను. కచేరీ అయ్యాక, చప్పట్లకి ముందు ఒక్క క్షణం ఏమీ వినబడదు. అందరూ వాయించినవాళ్ల వైపు చూస్తారు. నేను మాత్రం పియానో కింద, మోకాళ్లు ముడుచుకుని ఊపిరి బిగబట్టిన నన్ను చూసుకుని నవ్వుకుంటాను.